ఆయన తాగలేదు

పొయ్యి మీద చోడంబలి కుతకుతలాడుతోంది. దేముడమ్మ ఒక చేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో కొంగు సర్దుకుంటూ మాటిమాటికీ వసారా వైపు చూస్తోంది. ఆ రోజు వాళ్లమ్మ పెద్దకార్యం. ఆమదాలవలసలో తమ్ముడు గంగరాజు ఇంట్లో జరుగుతోంది. చీపురుపల్లి స్టేషన్లో పాసింజరు అందుకోవాలంటే ఈపాటికే ఆటో ఎక్కి ఉండాలి. వసారాలో ఆమె భర్త జగన్నాధం చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆమె పొయ్యి వెలిగించినప్పుడు ఏ గుండీ దగ్గర ఉన్నాడో ఇప్పుడూ అక్కడే ఉన్నాడు.

“ఏటది? గుండీ ఎట్టుకోడానికి ముహూర్తం సూడాలేటి?” అని కేకేసింది.

జగన్నాధం తలెత్తాడు. ఆ ముఖంలో కోపం లేదు, నొచ్చుకోవడం లేదు, అసలేమీ లేదు. “ఎట్టుకుంతన్నాను” అన్నాడు. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

కూతురు బిందు జడ అల్లుకుంటూ వచ్చి తండ్రి చొక్కా గుండీలు పెట్టింది. విజయనగరంలో డిగ్రీ చదువుతోంది ఆ పిల్ల. అంబలి గ్లాసు తండ్రి చేతికిచ్చి వేళ్లు దాని చుట్టూ మూసింది. అయినా గ్లాసు జారింది. అంబలి పంచె మీద, నేల మీద ఒలికింది. జగన్నాధం దాన్ని చూసి పకపకా నవ్వాడు.

దేముడమ్మకి ఒళ్లు మండిపోయింది. “పొద్దున్నే ఎక్కించీసినావా? మాయమ్మ కార్యం నాడు కూడా ఆగనేవా? నీ కూతురి నెత్తి మీద ఒట్టేసినావే, అది గేపకం ఉన్నాదా?”

“తాగనేదే” అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే.

జగన్నాధానికి యాభై దాటాయి. ఊరవతల మాంగనీసు రాయిని పిండిచేసే మిల్లులో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. ఒకప్పుడు తాగేవాడు. బిందు పదో తరగతిలో ఉండగా ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి మానేస్తానని ఒట్టేశాడు. ఆ తరవాత కల్లు కూడా ముట్టలేదని దేముడమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. కానీ హుద్‌హుద్ తుపాను వచ్చిపోయిన దగ్గర్నుంచీ మనిషి మారిపోయాడు. మడమలు నేలకి ఆనించకుండా మునివేళ్ల మీద అడుగులేస్తూ, ఉన్నట్టుండి ఒరిగిపోతున్నాడు. అడిగినదానికి ఎప్పటికోగాని జవాబు రాదు. వేసవిలో మిల్లు మేనేజరు తాగొచ్చి పడిపోతున్నాడని చెప్పి ఇంటికి పంపించేశాడు.

అప్పుడు దేముడమ్మే వెళ్లింది. మిల్లు గేటు దగ్గర ఎండలో నిలబడి, “ఇక తాగడు బాబూ, నాది పూచీ. తిరగనేడు, కూకుని సేసే పనేదైనా ఇప్పించండి” అని మేనేజర్ని బతిమాలింది. ఆయన జగన్నాధాన్ని సంచుల షెడ్డులో వేశాడు. మిల్లులో ఆడించిన పొడిని సంచుల్లో నింపి, మూతి కుట్టడం అక్కడి పని. తలుపులు మూసి ఉండే షెడ్డు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా నల్లటి పొడి పేరుకునేది. పని పోలేదు, అంతే చాలనుకుంది దేముడమ్మ. కానీ ఆ షెడ్డుకి వెళ్లడం మొదలుపెట్టాక ఆయన తీరు ఇంకా దిగజారింది.

ఆమదాలవలస చేరేసరికి గంగరాజు ఇంటి ముందు షామియానా నిండా జనం. గంగరాజుకి స్టేషను దగ్గర ధాన్యం కొట్టుంది. ఊళ్లో పెద్దమనుషులంతా వచ్చారు. తల్లి ఫొటో ముందు పెద్ద అరిటాకు వేసి, ఆవిడకి ఇష్టమైనవన్నీ వడ్డించారు. ఆనపకాయ పులుసు, గారెలు, బెల్లం పరమాన్నం. గంగరాజు ఫొటోకి దండ వేస్తూ చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అందరూ కళ్లు ఒత్తుకున్నారు. ఎవరూ మాట్లాడటం లేదు.

ఆ నిశ్శబ్దంలో జగన్నాధం నవ్వాడు.

మొదట చిన్నగా వచ్చింది. తరవాత ఆపుకోలేనంతగా, భుజాలు కదిలిపోయేలా. ఫొటో పక్కన, అరిటాకుకి వీపు పెట్టి నిలబడ్డ ఆయన వైపు తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. దేముడమ్మ భూమిలోకి కుంగిపోయింది.

“బావా, కాస్త పక్కకి జరుగు” అన్నాడు గంగరాజు పళ్ల బిగువున.

జగన్నాధం వెనక్కి ఒక్క అడుగు వేశాడు. రెండో అడుగు పడలేదు. కొయ్యబొమ్మలా వెల్లకిలా పడ్డాడు, తిన్నగా ఆ అరిటాకు మీద. పరమాన్నం, పులుసు చెల్లాచెదురయ్యాయి. ఫొటో పక్కకి ఒరిగింది. ఆయన నవ్వు మాత్రం ఆగలేదు.

గంగరాజు ఆయన్ని చొక్కా పట్టి లేవదీసి, చెంప మీద చాచి కొట్టాడు. “మాయమ్మ కూడు తొక్కీసి నవ్వుతావేటి? మడిసివేనా నువ్వు?”

ఎవరో అడ్డం రాబోయారు. దేముడమ్మ వాళ్లని చేత్తో తోసేసింది. “ఆగండి. కొట్టనీండి. ఒరే గంగరాజూ, ఇంకోటి కొట్టరా! ఈ తాగుబోతోడికి సిగ్గనేది వస్తాదేమో సూద్దుము.”

గంగరాజు ఇంకోటి కొట్టాడు.

భోజనాలు కాకుండానే ముగ్గురూ బయల్దేరారు. రైల్లో దేముడమ్మ భర్తకి దూరంగా, కిటికీ పక్కన కూర్చుంది. ఎదురు సీట్లోని ముసలావిడ పంచె నిండా పులుసు మరకలతో కూర్చున్న జగన్నాధాన్ని చూసి ముక్కు చిట్లించి, “ఆడు మీవోడేనా అమ్మా?” అని అడిగింది.

“కాదు” అంది దేముడమ్మ.

తండ్రి పక్కన కూర్చున్న బిందుకి ఆ మాట వినిపించింది. జగన్నాధానికీ వినిపించే ఉంటుంది. ఆయన కళ్లు ఆర్పకుండా ఎదటి గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి చేరాక బిందు తండ్రికి స్నానం చేయించి మంచం మీద పడుకోబెట్టి పెరట్లోకి వచ్చింది. దేముడమ్మ మరకల పంచెని బండకేసి బాదుతోంది.

“అమ్మా, మావ కొట్టినప్పుడు నాన్న చెయ్యి చూశావా?”

“సూసీదేటి? నా పరువు పోయిన కాడ నానేటి సూస్తాను?”

“అడ్డం పెట్టుకుందామని ఎత్తాడమ్మా. మావ కొట్టేసి అటు తిరిగాక, అప్పుడొచ్చింది ఆ చెయ్యి ముఖం దగ్గరికి. అప్పటిదాకా పైకి రాలేదు. నవ్వుతూనే ఉన్నాడు గాని కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. తాగినోళ్లకి అలా ఉంటుందా?”

“తాగితే అన్నీ ఉంటాయి. నీకు తెల్దు. నానే అనుబగించినాను.”

“పొద్దున్నుంచి నేను పక్కనే ఉన్నాను. ఎప్పుడు తాగాడు? ఎక్కడ తాగాడు? చెప్పు!” అని నిలదీసింది బిందు. “నీకెప్పుడైనా వాసనొచ్చిందా?”

దేముడమ్మ చేతిలో పంచె ఆగిపోయింది.

రాలేదు. ఎన్నోసార్లు, ఆయన కళ్లు మూసుకుని పడుకున్నప్పుడు వంగి నోటి దగ్గర వాసన చూసింది. ఒక్కసారీ రాలేదు. వాసన రాని మందేదో పడుతున్నాడని తనకి తనే చెప్పుకుంది. అంత కోపం పెంచుకున్నాక అది ఉత్తదని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఆ సంగతి కూతురికి చెప్పలేక మళ్లీ పంచె బాదడం మొదలుపెట్టింది.

“రైల్లో కాదన్నావు” అంది బిందు, ఇంకేమీ అడగకుండా. “రేపు నాన్నని విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెల్తున్నాను. నువ్వొస్తే రా.”

వెళ్లింది. ఎందుకు వెళ్తోందో దేముడమ్మకే తెలియలేదు. తాగుడేనని డాక్టరు చేత చెప్పించుకోవాలనే పంతం కొంత, అది కాదేమోననే భయం కొంత.

నరాల డాక్టరు నెరిసిన జుట్టు ఆవిడ. జగన్నాధాన్ని వరండాలో ఆ చివరి దాకా నడిపించింది. వెనక్కి నడవమని చెప్పి, పడిపోకుండా తనే వెనక నిలబడి పట్టుకుంది. వేళ్లు ముడిచి విప్పమంది. ఆయన విప్పుతుంటే ఏ మాత్రం తొందరపెట్టకుండా చూస్తూ కూర్చుంది. మాంగనీసు మిల్లు అనగానే, చేతిలో కలం కింద పెట్టింది. స్కానింగు, రక్తపరీక్షలు రాసింది. అవన్నీ వచ్చాక ముగ్గుర్నీ మళ్లీ లోపలికి పిలిచింది.

“జగన్నాధం గారూ, మీరు నవ్వుతారు కదా. అప్పుడు మీకు నవ్వొస్తుందా?”

ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన చాలాసేపు మాటల కోసం వెతుక్కున్నాడు. “నేదమ్మా. ఏడుపొస్తాది. మూతి నవ్వుతాది.”

దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి, పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. “ఇది తాగుడు కాదమ్మా. పిచ్చీ కాదు. ఆ మిల్లులో గాలి నిండా మాంగనీసు పొడి ఉంటుంది. ఊపిరితో లోపలికి పోయి, ఏళ్ల తరబడి మెదడులో పేరుకుంటుంది. మనం అడుగు వెయ్యాలన్నా, చెయ్యి ఎత్తాలన్నా, నవ్వు, ఏడుపు అదుపులో పెట్టుకోవాలన్నా మెదడులో కొన్ని చోట్లు పనిచెయ్యాలి. సరిగ్గా అక్కడే దెబ్బ కొడుతుంది. అందుకే ముఖంలో ఏ భావం కనిపించదు. మాట కింద నుంచి వస్తుంది. నిర్లక్ష్యం అనుకుంటారు ఇంట్లోవాళ్లు.”

“తగ్గుతాదా అమ్మా?” అంది దేముడమ్మ.

“పూర్తిగా తగ్గుతుందని అబద్ధం చెప్పను. ఆ పొడికి దూరంగా ఉంచి మందులు వాడితే ఇంతకన్నా పెరగకుండా చూడొచ్చు. కొంత తేలికపడొచ్చు. ఇన్నాళ్లూ మెల్లగా ఉన్నది ఈ ఏడాదిలో ఇంత ఎక్కువెందుకైందో నాకు అర్థం కావడం లేదు. పని ఏమైనా మారిందా?”

“వేసవి నుంచి సంచుల షెడ్డులో వేశారు” అంది బిందు.

“మూసి ఉండే షెడ్డేనా? అన్నిటికన్నా పొడి ఎక్కువుండే చోటు అదే. ఒంట్లో బాగోలేని మనిషిని అక్కడెవరు వేశారు?”

 గేటు ముందు తను నిలబడ్డ ఎండ, జోడించిన చేతులు దేముడమ్మ కళ్ల ముందు తిరిగాయి. నోరు తెరవబోయింది.

“నానే అడిగినానమ్మా” అన్నాడు జగన్నాధం. ఈసారి మాట కోసం వెతుక్కోలేదు. “నానే ఎల్లి అడిగి ఏయించుకున్నాను.”

దేముడమ్మ కుర్చీలోంచి జారి ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. “అబద్దమమ్మా! నానే గేటు కాడ సేతులు జోడించి మరీ అందులో ఏయించినాను! తాగనేదని సెప్తన్నా ఇనకుండా, పూచీ ఇచ్చి మరీ తోసీసినాను!”

బిందు తల్లిని లేవదీస్తూ ఏడ్చింది. డాక్టరమ్మ ఒక గ్లాసు మంచినీళ్లు జరిపి, “మీకెవరూ చెప్పలేదు కదమ్మా” అంది. ఆ మాట దేముడమ్మకి ఊరటనివ్వలేదు. చెప్పిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. తాగలేదని రోజూ చెప్పాడు.

ఇంటికొచ్చిన రోజు సాయంత్రం ఆమె ఆయనకి తనే అన్నం కలిపి తినిపించింది. రెండు ముద్దలు పెట్టి ఆగింది.

“డాక్టరమ్మ కాడ నన్నెందుకు కాసినావు? నిన్ను కొట్టించినాను. రైల్లో నా మొగుడివి కాదనీసినాను. నీకు రోసం నేదా?”

జగన్నాధం ముద్ద మింగి, ఆలోచించి, మెల్లగా చెప్పాడు. “నాకే అనుమానం వొచ్చీదే. తాగకండా తూలిపోతన్నానంటే పిచ్చెక్కిపోనాదేమో అనుకున్నాను. తాగినాడనుకుంతే నువ్వు తిట్టి ఊరుకుంతావు. పిచ్చనుకుంతే బిందుకి సమ్మందాలు రావు. అందుకని... గట్టిగా సెప్పనేదు.”

తిట్లు ఎందుకు పడ్డాడో అప్పుడు తెలిసింది ఆమెకి. ఎంగిలి చేత్తోనే తల బాదుకుంటూ ఏడ్చింది. ఆయన చెయ్యి మంచం మీంచి లేచి, గాలిలో ఆగి ఆగి వచ్చి ఆమె తల మీద పడింది. అది వచ్చేదాకా ఆమె కదలకుండా కూర్చుంది.

బిందు ఫోను చేసి చెప్పిన మర్నాడే గంగరాజు వచ్చాడు. గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాడు. “బావా” అని వచ్చి ఆయన పాదాలు పట్టుకున్నాడు. అదే సమయానికి జగన్నాధానికి నవ్వొచ్చేసింది. గంగరాజు ఉలిక్కిపడి తలెత్తాడు.

“అది నాన్న నవ్వు కాదు మావా” అంది బిందు. “కాసేపట్లో ఆగిపోతుంది. నువ్వు చెప్పేది చెప్పు, నాన్న వింటాడు.”

గంగరాజు ఆ నవ్వు ముందే, ఆ పాదాలు వదలకుండానే, “ఈ సెయ్యి ఇరిగిపోవాల్సింది బావా. నలుగురిలో కొట్టినాను. నెలమాసికానికి ఆ నలుగురినీ పిలుస్తాను. ఆళ్ల ముందే నీకాడ తప్పొప్పుకుంతాను” అన్నాడు. నవ్వు ఆగింది. ఆయన కళ్లు తుడవడానికి ఈసారి దేముడమ్మ దగ్గరే ఉంది.

ఇంట్లోవాళ్ల మధ్య అలా కాస్త తేటపడింది. కానీ దేముడమ్మకి తిండి సయించడం లేదు. సంచుల షెడ్డు అన్నప్పుడల్లా ఇంకో మనిషి కళ్లలో మెదులుతున్నాడు. జగన్నాధానికి ముందు అదే షెడ్డులో పనిచేసిన లక్ష్ముడు. వాడూ ఇలాగే మునివేళ్ల మీద నడిచేవాడు. మిల్లులోంచి తీసేశారు. కిందటేడు చెరువుగట్టు మీంచి జారి నీళ్లలో పడి పోయాడు. తాగి పడ్డాడని ఊరంతా అంది. వాడి పెళ్లాం సుభద్రమ్మ అప్పట్నుంచీ ఎవరింటికీ రాదు, ఎవర్నీ పలకరించదు.

దేముడమ్మ ఆ ఇంటికి వెళ్లింది. సుభద్రమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కూర్చోమనలేదు.

“లక్ష్ముడు తాగనేదమ్మా” అంది దేముడమ్మ నిలబడే. డాక్టరమ్మ చెప్పిందంతా తనకి చేతనైనట్టు చెప్పింది. “ఆ పొడే అంతా సేసీనాది. మా ఆయనకీ అదే.”

సుభద్రమ్మ ఏరుతున్న చెయ్యి ఆపలేదు. “నాకు తెలుసు” అంది. “ఆడితో కాపరం సేసినదాన్ని నాకు తెల్దేటి? తాగనేదని మీ అందరి కాడా మొత్తుకున్నాను. ఎవులిన్నారు? బోరింగు కాడ పదిమందిలో నువ్వేటన్నావు? ‘తాగుబోతు సచ్చినాడు, పీడా పోనాది, ఇక నీకు సుకం’ అన్నావు. ఆ మాట పట్టుకునే అందరూ నవ్వినారు.”

దేముడమ్మకి గుర్తుంది. ఓదార్పు మాటే చెప్పాననుకుంది ఆ రోజు. “తప్పయిపోనాది. సెమించు” అంటూ వంగి ఆమె చేతులు పట్టుకోబోయింది.

సుభద్రమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. “నా అరుగు మీద సెప్తే ఎవులికి ఇనబడతాది? ఎక్కడన్నావో అక్కడే సెప్పు.”

మర్నాడు పొద్దున్న బోరింగు దగ్గర ఆడాళ్లు మూగి ఉన్నారు. సుభద్రమ్మ కూడా బిందెతో వచ్చి అందరికీ ఎడంగా నిలబడింది. దేముడమ్మ తన వంతు వచ్చినా బిందె పెట్టలేదు.  ఇంటికి తిరిగి వెళ్లిపోదామా అనిపించింది.

“ఒక మాట ఇనండమ్మా” అంది చివరికి. “లక్ష్ముడు తాగి సావనేదు. మిల్లు పొడి ఆడి మెదడుకెక్కీసినాది. అప్పుడు నాను ఇక్కడే కాని మాటన్నాను. నోరు జారి కాదు, తెలివితక్కువై అన్నాను. మా ఆయనకీ అదే జబ్బు. తాగుబోతని తిట్టి, మాయమ్మ కార్యం నాడు నా తమ్ముడి సేత కొట్టించినాను. రైల్లో నా మొగుడు కాదన్నాను. మీరేటనుకున్నా పర్నేదు. లక్ష్ముణ్ని మాత్రం ఇక ఎవులూ తాగుబోతనకండి.”

 బోరింగు కొడుతున్న చిన్నది, ధనలక్ష్మి, చేతిపిడి వదిలేసింది. పెళ్లై రెండేళ్లయిన పిల్ల. మొగుడు ఆ షెడ్డులోనే సంచులు కుడతాడు.

“అప్పా” అంది దేముడమ్మతో, అక్కని పిలిచినట్టు. “మా ఆయనా... ఈ నెలంతా ఎనక్కి అడుగేస్తే పడిపోతన్నాడు. అడిగితే నేదంటన్నాడు. నిన్న నాను సెంబుతో కొట్టినాను.”

ఆ పిల్ల ముఖం చేతుల్లో కప్పుకుని అక్కడే తడినేల మీద కూర్చుండిపోయింది. ఏం చెయ్యాలో తోచక అందరూ చూస్తుండగా, ఎడంగా నిలబడ్డ సుభద్రమ్మ బిందె కింద పెట్టి వచ్చి, ఆమెని చంకల కింద చేతులేసి లేవదీసింది.

“ఏడుపు తరవాత. ఇయాల మీ ఆయన్ని పనికి ఎల్లనీకు” అంది. తరవాత ఏడాదిగా పలకరించని మనిషి వైపు తిరిగింది. “దేముడమ్మప్పా, ఇశాకపట్నం రైలు ఎన్నింటికి? నానూ వస్తాను.”